పెంటకుప్ప డాట్ కామ్

ఆమెర్ ఇంట్లో నెలకు ఇరవై ఒక్క రోజులే. మొదటి వారం కూతురు జోయా బుగ్గల్లో రంగు ఉంటుంది. రెండో వారం ఆ రంగు సాయంత్రపు ఎండలా పలచబడుతుంది. మూడో వారం ఆ ఏడేళ్ళ పిల్ల మెట్టు మీద కూర్చుని, ఆడుకునే పిల్లల్ని చూస్తూ తన మోకాళ్ళు తానే నిమురుకుంటుంది. ఇరవై ఒకటో రోజున వరంగల్ తీసుకువెళ్ళి ఎవరిదో నెత్తురు ఎక్కించి తేవాలి. తలసేమియా అన్న మాటను డాక్టరు మొదటిసారి చీటీ మీద రాసి ఇచ్చినప్పుడు ఆమెర్‌కు అదేదో ఊరి పేరులా అనిపించింది. పోయినవాళ్ళు ఉత్తరం రాయని ఊరు.

మహబూబాబాద్‌ను అక్కడివాళ్ళు మానుకోట అంటారు. స్టేషన్ నుంచి బజారుకు వెళ్ళే దారిలో, ఒక మేడమెట్ల కింద అతని ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. తండ్రి రహ్మాన్ రోజుల్లో అది టైపు నేర్పే చోటు. తర్వాత ఫోన్ బూత్ అయింది, ఆ తర్వాత నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. హాల్‌టికెట్లు, పెళ్ళి పత్రికలు, విజిటింగ్ కార్డులు అన్నీ చేసేవాడు గాని అతనికి గుర్తింపు తెచ్చింది పేర్లు పెట్టడం. విత్తనాల దుకాణం తెరిచేవాడు, వెబ్‌సైటు పెట్టుకుందామనుకున్న జనగామ కోచింగ్ సెంటరు సారు, అందరూ అతని పాత కుర్చీలో కూర్చుని "మంచి పేరు చెప్పు భాయ్" అనేవాళ్ళు.

పేరు విషయంలో ఆమెర్ మొండివాడు. చిన్నదై ఉండాలనేవాడు. నడుమ అంకెలూ గీతలూ వద్దనేవాడు. కదిలే బస్సులోంచి ఫోన్లో ఒక్కసారి చెబితే అవతలి మనిషికి అందాలి, మళ్ళీ అడగకూడదు. ఎంత చదువుకున్న గిరాకీ వచ్చినా ఆ పేరును చివరికి పరీక్ష చేసేది మాత్రం అక్షరం ముక్క రాని నర్సమ్మ. సెంటర్ ఎదురుగా ఆమెది చాయ్ బండి. పొద్దుటి చాయ్‌తో పాటు పేరు ఆమె చెవిన వేసేవాడు. సాయంత్రపు చాయ్‌కి తిరిగి అడిగేవాడు.

"అవ్వా, పొద్దుగాల ఏం పేరు చెప్పిన?"

"ఏదో సిరి అన్నవ్."

"ఏం సిరి?"

"సిరులు మాకేడ యాదుంటయ్ కొడుకా, ఉన్నోళ్ళనడుగు. చాయ్‌ల చక్కెర సాలిందా?"

ఆ పేరు అక్కడితో చచ్చినట్టే. వ్యాపారి ఎంత బతిమాలినా ఆమెర్ దాన్ని ముట్టుకునేవాడు కాదు.

అటువంటి మనిషి తన సొంత వెబ్‌సైటుకు పేరు పెట్టినప్పుడు నర్సమ్మను అడగలేదు. రెండువేల పదకొండు ఎండాకాలంలో, మూడో వారపు ఒకానొక మధ్యాహ్నం, నెత్తురు ఇచ్చే మనుషుల జాబితా ఒకటి వెబ్‌సైటుగా పెట్టాలని కూర్చున్నాడు. మానుకోట, జనగామ, భూపాలపల్లి, ఈ మూడు దిక్కుల్లో ఎవరిది ఏ గ్రూపు, ఫోన్ నంబరు ఎంత, అదంతా ఒకచోట. పేరు రాయాల్సిన గడి ఖాళీగా మెరుస్తూ ఉంటే అతని వేళ్ళు తమంతట తామే జోయా అని కొట్టాయి. నలభై మంది చేరారు. ఆమెర్ చాలా సంతోషపడ్డాడు.

తర్వాత మనుషులు ఇంటికి రావడం మొదలైంది. గడప దగ్గర నిలబడి "జోయా అంటే ఈ పిల్లేనా?" అనేవాళ్ళు. ఎవరో అరటిపండ్లు తెచ్చారు. ఎవరో పిల్ల తల మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తీయకుండా ఏడ్చారు. బడిలో పిల్లలు ఆమె పక్కన కూర్చోవడానికి జంకారు. ఒకనాడు అన్నం తింటూ తింటూ జోయా చెంచా దించింది.

"అబ్బాజాన్, నేను పోతున్ననా?"

"ఏడికి?"

"పక్కింటి ఆంటీ చెప్పింది. పోయే పిల్లల పేరే గట్ల ఊరంత చెప్తరట."

ఆమెర్ భార్య ఫరహత్ లేచి వంటింట్లోకి వెళ్ళింది.  ఆ సాయంత్రమే ఆమెర్ సైటు తీసేశాడు. నలభై పేర్లనూ ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. చేసిన తప్పు ఏమిటో అతనికి తెలుసు. బిడ్డ పేరును దారిలో నలుగురి కాళ్ళ కింద పరిచాడు.

ఆ ఏడాది సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. తెలంగాణ వచ్చేదాకా ఎవరూ పని ముట్టబోమన్నారు. బస్సులు డిపోల్లో నిలిచాయి. బళ్ళకు తాళాలు పడ్డాయి. భూపాలపల్లిలో బొగ్గు గనులు, అక్కడివాళ్ళ మాటలో బాయిలు, ఆగిపోయాయి. బొగ్గు లేక కరెంటు రోజుకు రెండుసార్లు, గడప మీద చుట్టంలా ఇలా నిలబడి అలా వెళ్ళిపోయేది. ఆమెర్ కూడా రోడ్డు మీద నడిచాడు, గొంతు పోయేలా జై తెలంగాణ అన్నాడు. తన యాసను సినిమాల్లో వెక్కిరించినప్పుడల్లా లోపల ఎక్కడో గుచ్చుకున్న ముళ్ళన్నీ ఆ అరుపులో బయటపడుతున్నట్టు ఉండేది. అరిచి ఇంటికి వచ్చాక గోడ మీది క్యాలెండరు ముందు నిలబడేవాడు. అక్కడ అతని గొంతు లేచేది కాదు.

జోయాకు నెత్తురు ఎక్కించాల్సిన రోజు అక్టోబరు పదహారు. పదిహేను నుంచి మూడు రోజులు రైళ్ళు ఆపాలని పిలుపు వచ్చింది. జోయాది బీ నెగెటివ్, ఊరికి ఒకరుంటే గొప్ప. వంతులవారీగా ఇస్తూ వచ్చిన ఇద్దరు వరంగల్ హాస్టల్ విద్యార్థులూ కాలేజీ మూతపడి ఊళ్ళకు పోయారు. ఒకరి ఫోను పలకడం లేదు, ఇంకొకరికి జ్వరం. రక్తనిధికి ఫోన్ చేస్తే "మా దగ్గర ఆ గ్రూపు లేదు, మనిషిని తెచ్చుకోండి" అన్నారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ రోజుల్లో ఎవరి దగ్గరా ఏమీ లేదు.

జేబులోని నలభై పేర్లకూ ఫోన్ చేశాడు. ఒక్క బీ నెగెటివ్ దొరకలేదు. నలభై చాలవు, నాలుగు వేలు కావాలి. నాలుగు వేల మందికి ఒక్క రోజులో చేరే మాట కావాలి. తొమ్మిదో తారీఖున నడిరోడ్డు మీద వంటావార్పు ఉంది. ఊళ్ళకు ఊళ్ళు వచ్చి రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, తిని నిరసన చెబుతాయి. దాన్ని నడిపించే రాజేందర్ సారు, సమ్మెలో ఉన్న లెక్కల పంతులు, మైకులో ఒక్క నిమిషం ఇస్తానన్నాడు. గరగరలాడే మైకులో ఒక్కసారి చెబితే నిలిచే పేరు వెతకాలి. దాని వెనక తన బిడ్డ కనబడకూడదు.

కరెంటు ఉన్న రెండేసి గంటలు వెతికాడు. ప్రాణదాత, ఇంకెవరిదో అయిపోయింది. జీవధార, అయిపోయింది. రక్తబంధం, అదీ అంతే. లోకంలోని మంచి మాటలన్నిటినీ ఎవరో ముందే వచ్చి ఏరుకుపోయినట్టు ఉంది. మిగిలిన వాటిలో ఆరు ఏరి నర్సమ్మకు చెప్పాడు. సాయంత్రం ఆమె ఒక్కటీ చెప్పలేకపోయింది.

"అవ్వా, జర యాది చేస్కో. బిడ్డ పానం దీని మీద ఉన్నది."

"యాదికొస్తలేవు కొడుకా. అన్నీ ఒక్కతీరుగున్నయ్. పెండ్లి పత్రిక మీది మాటల్లెక్క. మనిషి భయంల ఉన్నప్పుడు గసోంటివి నోటికొస్తయా?"

"మరి భయంల నోటికేమొస్తది?"

"తిట్టొస్తది."

ఆమె చేతిలోని గ్లాసు కడిగి బోర్లించింది. తర్వాత నీళ్ళ చేతుల్ని కొంగుకు తుడుచుకుని, ఆమెర్ ముందున్న బల్ల మీద కూర్చుంది.

"నాకు ఇద్దరు పుట్టి పోయిన్రు. ఒకనికి రాజు పేరు, ఇంకోనికి దేవుని పేరు పెట్టుకున్న. ముద్దుగ పిలుసుకున్న. సావు గూడ వింటది గద బిడ్డా, మంచి పేరు ఇన్నది, మంచిదే తీస్కపోయింది. మూడోడు పుట్టంగనే మా అత్త ఏం చేసిందో ఎర్కనా? చాటల ఏసి తీస్కపోయి పెంటకుప్ప మీద పండవెట్టింది. నేను గడపల నిలవడి సూస్తున్న. పానమంత గొంతుల ఉన్నది. కుక్కలు తిరుగుతున్నయ్. ఊడ్సే గంగి వచ్చి ఎత్తుకున్నది. సోలెడు తవుడు ఇచ్చి ఆమె దగ్గర మా అత్త మల్ల కొనుక్కున్నది. గిది మా పోరడు కాదు, పెంటకుప్ప మీద దొరికిండు అని మూడుసార్లు అన్నం. సావు విన్నది. గిదేం పనికొస్తదని పోయింది."

"అయితే నీ కొడుకు పెంటయ్య అన్నకు ఆ పేరు అట్లనే..."

"అట్లనే. ఆటో నడ్పుకుంట, పేరు మార్పియ్యమని ఇయ్యాల్టికి నా పానం తీస్తున్నడు." నర్సమ్మ నవ్వింది. మళ్ళీ నవ్వు మానింది. "నువ్వు బిడ్డ పేరు అందంగ రాసి లోకానికి సూపెట్టినవ్. యమునికి గూడ సదువొస్తది కొడుకా. తీస్కపోయి పెంటకుప్ప మీద పెట్టు. ఎవలో ఒకలు ఎత్తుకుంటరు."

 ఆమెర్ లోపలికి వెళ్ళి ఆ మాటను కంప్యూటర్లో కొట్టి చూశాడు. పెంటకుప్ప డాట్ కామ్. ఖాళీగా ఉంది. ఇంత పెద్ద లోకంలో ఎవరికీ అక్కరలేని పేరు.

ఇంటికి వెళ్ళి చెబితే ఫరహత్ మెషిను మీద కుడుతున్న జాకెట్టు గుడ్డను కింద పడేసింది.

"ఇన్ని దినాలు చేతులల్ల పెట్టుకుని సాకిన. ఇప్పుడు తీస్కపోయి పెంటల ఏస్తరా జీ? అల్లా ముంగట ఏం మొకం పెట్టుకుంటం?"

"పేరే గద ఫరహత్."

"పేరే అని మొన్న గూడ అన్నరు."

 గదిలో జోయా నిద్రలో ఊపిరి వేగంగా తీస్తోంది, మెట్లెక్కి వచ్చినట్టు. ఇద్దరూ ఆ ఊపిరినే వింటూ కూర్చున్నారు. కాసేపటికి ఫరహత్ మెల్లగా అడిగింది.

"నర్సమ్మవ్వ కొడుకు బతికిండా?"

"ఆటో నడుపుతున్నడు."

ఆమె గుడ్డను తీసి ఒళ్ళో పెట్టుకుంది. మడత మీద మడత వేసింది. "పెట్టుండ్రి," అంది, అతని వైపు చూడకుండా.

మర్నాడు కరెంటు వచ్చిన గంటలోనే రిజిస్టర్ చేయడానికి కూర్చున్నాడు. యజమాని పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఇమ్మని తెర మీద వచ్చింది. ఇవి లోకంలో ఎవరైనా చూడవచ్చని కింద సన్నని అక్షరాల్లో రాసి ఉంది. ఆమెర్ చెయ్యి ఆగింది. ఊళ్ళో రోజూ ఎవరో ఒకరిని జీపెక్కిస్తున్నారు. సమ్మెలో ఉన్న విద్యార్థులవీ బాయి కార్మికులవీ ఫోన్ నంబర్లన్నీ ఒక సాయిబు దగ్గర ఒకేచోట ఉంటే, అది నెత్తురు కోసమేనని ఏ ఠాణాలో నమ్ముతారు? తన పేరును రాశాడు, చెరిపాడు, మళ్ళీ రాశాడు. అదొక్కటి మాత్రం దాచకూడదనిపించింది. బిడ్డను దాచినవాడు తనను చూపించుకోవాలి. బటన్ నొక్కుతుండగా కరెంటు పోయింది.

పేరు తనదైందో లేదో తెలియదు. డబ్బా నల్లగా కూర్చుంది. ఆ రాత్రంతా అతను ఒకే భయంతో పొర్లాడాడు. ఈ లోపల ఎవరైనా దాన్ని ఎగరేసుకుపోతే? ఎవరు ఎగరేసుకుపోతారు పెంటకుప్పను? అని నవ్వు వచ్చేది. నవ్వు పూర్తవకముందే భయం మళ్ళీ వచ్చేది. పొద్దున పదకొండింటికి కరెంటు వచ్చింది. పేరు తనదే అయింది.

వంటావార్పు నాడు రోడ్డు పొడుగునా పొగ. ఇటుకల పొయ్యిల మీద అన్నం కుతకుతలాడుతోంది. రాజేందర్ సారు ఆమెర్ చేతిలోని చీటీ చదివి తల ఎత్తాడు.

"ఆమెర్ భాయ్, నువ్వు పైలంగనే ఉన్నవా? మైకుల గిది అంటే నన్ను పెంటల పాతిపెడ్తరు."

"ఒక్కసారి అను సార్. రెండోసారి అక్కర్లే."

"జీవన అనో, అమృత అనో పెట్టుకోవద్దానయ్యా. నువ్వే గద ఊరందరికి పేర్లు పెట్టేది."

"గవి యాదుండయ్ సార్. నా బిడ్డకు వారం దినాలే ఉన్నది."

 రాజేందర్ సారు మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు. "ఆపదల ఎవరికైన నెత్తురు అవసరం పడొచ్చు. ఇచ్చెటోళ్ళు, కావల్సినోళ్ళు కంప్యూటర్ల ఒక్కటే పేరు కొట్టున్రి. కంప్యూటర్ లేనోళ్ళు గీ ఫోన్‌కు చెయ్యిన్రి. పేరు, పెంటకుప్ప డాట్ కామ్!"

 రోడ్డంతా నవ్వు. గరిటెలు పట్టుకుని నవ్వారు, జెండాలు పట్టుకుని నవ్వారు.

"ఆమెరన్నా, మున్సిపాలిటీల ఎప్పుడు చేరినవే?"

"ట్రాక్టర్ల తెస్తవా నెత్తురు, తట్టలల్లనా?"

ఆమెర్ చెవులు కాలిపోయాయి. అంతమంది నోళ్ళలో తన బిడ్డ నలుగుతోందన్న భయం పట్టుకుంది. పారిపోదామని తిరిగినప్పుడు పొయ్యిల దగ్గరి ముసలమ్మలు కనిపించారు. నవ్వు ముందు వాళ్ళ దగ్గర ఆగింది. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె పక్కనున్న కోడలి చెవిలో ఏదో చెప్పింది. కోడలి ముఖంలోంచి నవ్వు దిగిపోయింది. అక్కడి నుంచి అది పొయ్యి పొయ్యికీ పాకింది. అన్నాలు వడ్డించే వేళకు ఆమెర్ దగ్గర తమ ఫోన్ నంబరు రాయించుకోవడానికి వరుస కట్టారు.

అయిదు రోజుల్లో రెండు వందల ఎనభై పేర్లు చేరాయి. అందులో బీ నెగెటివ్ ముగ్గురు. జనగామ లారీ క్లీనరుకు పోయినేడు పచ్చకామెర్లు అయ్యాయి, పనికిరాదన్నారు. మానుకోటామె పాలిచ్చే తల్లి. మూడో మనిషి మాన్‌సింగ్. గూడూరు దగ్గరి తండాలో పుట్టి, భూపాలపల్లి బొగ్గు బాయిలో పనిచేస్తూ అక్కడే క్వార్టర్లలో ఉంటున్నాడు. పద్నాలుగో తారీఖున ఫోన్లో దొరికాడు. "వస్త భాయ్, పదహారుకు గద? వస్త," అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎప్పుడు చేసినా ఫోను మూగదే. ఆమెర్ రెండు రోజుల్లో ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు. స్విచ్చాఫ్ అని చెప్పే ఆ ఆడగొంతు అతని కలల్లోకి వచ్చింది.

జోయా పెదవులు గోడ సున్నంలా అయ్యాయి. నడిస్తే గుండె దడదడలాడుతోంది. మనిషి వస్తాడో రాడో తెలియకుండానే పదహారు పొద్దున ఆమెర్ స్కూటరు తీశాడు. నడుమ పిల్ల, వెనక ఫరహత్, ఆమె ఒళ్ళో ఖిచిడీ టిఫిను. నెక్కొండ దాటేవరకు దారి ఖాళీ. తర్వాత రోడ్డుకు అడ్డంగా చెట్టు మొద్దు, టైర్ల పొగ, ఇరవై మంది యువకులు. ఒకడు హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఏడికి? బందని తెల్వదా?"

"జై తెలంగాణ తమ్మీ. బిడ్డకు నెత్తురు ఎక్కియ్యాలె."

"అందరు గదే చెప్తున్రు. కాగితమేది?"

ఆమెర్ ఆస్పత్రి కాగితం ఇచ్చాడు. దాని వెనక అతని ఫోన్ నంబరూ సైటు పేరూ రాసి ఉన్నాయి. కాగితం తిప్పిన కుర్రవాడు కళ్ళు పెద్దవి చేశాడు.

"ఓర్నీ! పెంటకుప్ప అన్న నువ్వేనా? అరే, మొద్దు జరుపున్రిరా!"

నలుగురు కలిసి మొద్దు ఎత్తారు. ఒకడు జోయాకు నీళ్ళ సీసా ఇచ్చాడు. ఆమెర్ స్కూటరు ముందుకు పోనిచ్చాడు. తనను ఎన్నడూ చూడని మనుషుల మధ్యకి ఆ పేరు తనకంటే ముందు వచ్చి కూర్చుంది. ఇక్కడిదాకా వచ్చింది ఇంకెక్కడికి పోదు? ఎవరి చెవిలో పడదు?

రక్తనిధి వరండాలో పదిన్నర నుంచి కూర్చున్నారు. పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది. గేటులోకి వచ్చే ప్రతి బండినీ ఫరహత్ లేచి చూసి కూర్చునేది. లోపల నర్సు చెప్పింది, సమ్మె వల్ల పరీక్షలు చేసే మనిషి ఒక్కడే ఉన్నాడని, మూడున్నరకల్లా నెత్తురు తీయడం మొదలుపెడితేనే పరీక్షలు అయి సాయంత్రానికి చేతికి వస్తుందని. జోయా తల్లి తొడ మీద తల పెట్టుకుని పడుకుంది. ఇంకెంతసేపని అడగడం మానేసిన పిల్లను చూస్తే ఆమెర్‌కు ఎక్కువ భయమేసింది.

ఒంటిగంటన్నరకు, ముళ్ళకంపలు గీరిన చేతులతో, బురద కొట్టుకున్న బండి మీద ఒక పొడుగాటి మనిషి వచ్చాడు.

"పెంటకుప్పోళ్ళు ఎవరే?" అని వరండా మొత్తానికి వినబడేలా అడిగాడు.

ఆమెర్ లేచి పరుగెత్తాడు. క్వార్టర్లలో రెండు రోజులుగా కరెంటు లేదని, ఫోను చార్జింగు పెట్టే దారే లేదని, రోడ్డు రెండు చోట్ల మూసి ఉంటే పొలాల గట్ల మీద బండి తోసుకుంటూ వచ్చానని మాన్‌సింగ్ ఒక్క ఊపిరిలో చెప్పాడు. నర్సు అతన్ని పడుకోబెట్టి చేతికి పట్టీ బిగించింది.

"పొద్దున ఏం తిన్నవ్?"

"చాయ్ తాగిన."

"రాత్రి?"

"నిన్న రిలే దీక్షల కూసున్న సిస్టర్. పొద్దుమీకి నిమ్మరసం ఇచ్చి లేపిన్రు. అటెన్క తినబుద్ధి గాలే."

నర్సు పట్టీ విప్పేసింది. "నిన్నటి సంది ఉపాసమా! నీకు కండ్లు తిరిగి పడితే ఎవరు చూడాలె? తిని, నీళ్ళు తాగి, ఒక గంటన్నర కూసో. అప్పుడు చూస్త."

ఆమెర్ గోడ గడియారం వైపు చూశాడు. రెండు కావస్తోంది. గంటన్నర కూర్చుంటే మూడున్నరకు, తాడు మీద నడిచినట్టు సరిపోతుంది. బయట హోటళ్ళన్నీ బంద్. ఫరహత్ అప్పటికే టిఫిను మూత తీసింది. పిల్లకోసం కట్టుకొచ్చిన ఖిచిడీ మొత్తం మూతలో వేసి అతని ముందు పెట్టింది.

"తిను అన్నా."

"పిల్లకో, చెల్లె?"

"నువ్వు తింటే పిల్ల తిన్నట్టే."

మాన్‌సింగ్ వంగి తిన్నాడు. ఫరహత్ అతని చేతినే చూస్తూ ఉంది. ముద్ద నోటికి చేరేదాకా ఊపిరి బిగబట్టి, మింగాక వదిలింది. సగం తిన్నాక అతను తల ఎత్తాడు.

"నీ సైటు పేరు ఎవడో బాయి కాడ చెప్పిండు భాయ్. ఇంటికి పోయి నా పెండ్లాం నీలికి చెప్పిన. నాలుగు దినాలు నవ్వింది. పెంటకుప్పకు పోతవా అని ఒకటే ఎక్కిరిచ్చుడు. అయిదో దినం ఏందో యాదికొచ్చి కూసుండి ఏడ్చింది. మాకు గూడ ఒకతి పుట్టి పోయింది. ముద్దు పేరే పెట్టినం." అతను ముద్దను మూతలోనే కలిపాడు. "పో, పొయ్యి ఇచ్చిరా అన్నది."

 అతను మిగిలినది తిని నీళ్ళు తాగాడు.

మూడు ఇరవైకి నర్సు పిలిచింది. మూడున్నరకు సంచీ నిండడం మొదలైంది. పరీక్షలన్నీ అయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. జోయా సన్నని చేతిలోకి మొదటి చుక్క దిగినప్పుడు ఆమెర్ గోడకు ఆనుకున్నాడు. సంచీ మీద చీటీలో పేరు లేదు, ఒక నంబరు ఉంది. అది అతనికి బాగుంది.

మాన్‌సింగ్ వెళ్ళబోతూ ఆగాడు. "మల్ల ఎప్పుడు కావాలె భాయ్?"

"ఇరవై ఒక్క దినాలకు."

"నేను మూడు నెలలు ఇయ్యరాదట. సిస్టర్ చెప్పింది." మొహం చిన్నబుచ్చుకుని, తనే ఏదో తప్పు చేసినట్టు తల వంచి మెట్లు దిగిపోయాడు.

ఆమెర్ లోపల భయం లేచి మళ్ళీ తన చోట కూర్చుంది. నవంబరు ఆరు. ఆనాటికి రైళ్ళు నడుస్తాయా? ఎవరు వస్తారు? ఫరహత్ జోయా పెదవుల వైపు చూస్తోంది. ఇంకా రంగు రాలేదు. వచ్చేదాకా ఆమె కళ్ళు తిప్పదు.

అప్పుడు జేబులో ఫోను మోగింది. కొత్త నంబరు. వార్డులో మాట్లాడకూడదని వరండాలోకి పరుగెత్తాడు. అవతల ఒక ఆడమనిషి. హలో అనలేదు, ముందు ఊపిరే వినిపించింది. అటువంటి ఊపిరి అతనికి బాగా తెలుసు. వెనక పిల్లవాడి ఏడుపు.

"అన్నా... పెంటకుప్పేనా?"

"అవునక్కా, పెంటకుప్పే."

"జనగామ నుంచి కల్యాణిని. మా బాబుకు... దవాఖానల తెచ్చుకోమంటున్నరు. ఎవరిని అడగాల్నో తెలుస్తలేదు. గీ పేరొక్కటే యాదికొచ్చింది."

ఆమెర్ పెన్ను తీశాడు. కాగితం దొరకలేదు. అరచెయ్యి చాపి, దాని మీద రాయడానికి గోడకు ఆనుకున్నాడు.

"ఏడవకక్కా. జర నిమ్మలంగ చెప్పు. ఏ గ్రూపు?"